పార్కు పంచాయతీది, పూడిక ఎవరిది? లేఅవుట్లలో ఉమ్మడి స్థలాల నిర్వహణ

నెల్లూరు చుట్టూ, ఒంగోలు శివార్లలో ఒకప్పటి వరి మడులు, మెట్ట చేలు ఇప్పుడు ప్లాట్లయ్యాయి. ఏటా అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురేస్తే చాలు, ఈ కాలనీల్లో ఒకే వాదన మొదలవుతుంది. రోడ్డు మీద నీళ్లు నిలిచాయి, కాలువ ఎవరు బాగుచేయాలి? బిల్డరు అమ్ముకుని వెళ్లిపోయాడు. పంచాయతీనో కార్పొరేషనో అడిగితే మీ అసోసియేషన్ చూసుకోవాలంటారు. అసోసియేషన్‌ను అడిగితే డబ్బు లేదంటారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది కాబట్టే వాదన తెగదు.

క్లుప్తంగా: ఉమ్మడి స్థలం ఎవరి పేరున ఉందన్నది లేఅవుట్‌లో ఒకలా, అపార్టుమెంటులో ఒకలా ఉంటుంది. ఖర్చు ఎవరిదో దాన్నిబట్టే తేలుతుంది. ఈ రెండు జిల్లాల్లో నిర్వహణ క్యాలెండరు ఈశాన్య రుతుపవనాల చుట్టూ తిరగాలి. ముందు కాలువ, తరువాత కరెంటు, ఆ తరువాతే పచ్చిక. ఖాళీ ప్లాట్ల యజమానులను లెక్కలోకి తేని ఏ పద్దూ ఎక్కువ కాలం నడవదు.

స్థలం ఎవరి పేరున ఉంది?

అనుమతి ఉన్న లేఅవుట్‌లో మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతం పార్కు, ఆటస్థలం కోసం వదలాలి. 2017 నాటి రాష్ట్ర లేఅవుట్ నిబంధనలు చెబుతున్నది ఇదే. ఆ స్థలాన్నీ, లోపలి రోడ్లనూ బిల్డరు రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగిస్తాడు. అంటే పార్కు ప్లాట్ల యజమానులది కాదు. పంచాయతీది లేదా మున్సిపాలిటీది. రోడ్లూ అంతే. కాబట్టి గిఫ్ట్ డీడ్ అయిన లేఅవుట్ ముఖద్వారానికి గేటు పెట్టి తాళం వేసే అధికారం అసోసియేషన్‌కు లేదు, ఎవరికీ అభ్యంతరం లేనంతకాలం అది నడిచిపోతుందంతే. పార్కులో షెడ్డు వేయాలన్నా, బోరు దింపాలన్నా స్థానిక సంస్థ రాతపూర్వక అనుమతి కావాలి. బోరుకైతే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కూడా వర్తిస్తుంది.

అపార్టుమెంటులో వ్యవహారం వేరు. అక్కడ ఫ్లాటుతో పాటు నేలలో అవిభాజ్య వాటా కూడా రిజిస్టరవుతుంది. మెట్లు, సెల్లారు, ఆవరణ, ట్యాంకులు అందరి ఉమ్మడి ఆస్తి. అక్కడ పంచాయతీ వచ్చి చీపురు పట్టదు. బాధ్యత పూర్తిగా యజమానులదే. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం, స్థానిక చట్టం మరోలా చెప్పకపోతే, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి అనుమతి పత్రం) వచ్చిన 3 నెలల్లోపు ఉమ్మడి ప్రాంతాలను బిల్డరు అసోసియేషన్ పేరిట రాసివ్వాలి. అసోసియేషన్ చేతికి వచ్చేదాకా సముచితమైన చార్జీ తీసుకుని అత్యావశ్యక సేవలు నడపాల్సింది కూడా బిల్డరే. స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి, ఆ సంగతి బిల్డరు దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. సెల్లారులో ఊట, కుంగిన ఆవరణ, బీటలు వారిన ప్రహరీ లాంటివి బయటపడేది ఈ అయిదేళ్లలోనే. ఫొటో తీసి, తేదీతో లేఖ రాసి, రశీదు దాచుకున్న అసోసియేషన్లకే ఈ నిబంధన పనికొస్తుంది.

లేఅవుట్ల విషయంలో చిక్కు ఎక్కడంటే, స్థలం స్థానిక సంస్థది, వాడకం నివాసులది. చిన్న పంచాయతీకి పదిహేను లేఅవుట్ల పార్కులు వచ్చి పడితే వాటిని ఊడ్చే మనుషులే ఉండరు. గిఫ్ట్ డీడ్ రాత కాగితం మీద పూర్తవుతుంది, పని మాత్రం ఎవరికీ అప్పగింత కాదు. ఈ ఖాళీలోకే కబ్జాలు వస్తాయి. ముందు ఎవరో ఇసుక, కంకర పోస్తారు, తరువాత పశువుల పాక వెలుస్తుంది, ఆపై చిన్న గుడి. గుడి వెలిసిందంటే తొలగించమని అడిగే ధైర్యం కాలనీలో ఎవరికీ ఉండదు. పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని మరో అవసరానికి, అది ఆసుపత్రి లాంటి మంచి పనే అయినా, మళ్లించడం చెల్లదని 1991లోనే ఒక బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి చట్టం బలంగానే ఉంది. లేనిదల్లా లేఅవుట్ ప్లాను కాపీ, గిఫ్ట్ డీడ్ నకలు చేతిలో ఉన్న అసోసియేషన్. ఆ నకలు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దొరుకుతుంది. పార్కు నాలుగు మూలలా హద్దు రాళ్లు వేసి, చుట్టూ ముళ్లకంచె కట్టించడం అన్ని మొక్కలకన్నా ముందు చేయాల్సిన పని.

సెప్టెంబరు ఆఖరుకల్లా

పూడికతీత టెండర్లు చాలాచోట్ల మే, జూన్లలో పిలుస్తారు. గోదావరి జిల్లాలకు, తెలంగాణకు అది సరైన సమయం. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. మేలో తీసిన కాలువలో అక్టోబరు నాటికి వేసవి దుమ్ము, ఆషాఢ గాలులు తెచ్చిన చెత్త, కొత్త ఇళ్ల ఇసుక మళ్లీ చేరతాయి. మేలో పైపైన ఒకసారి తీసినా, అసలు పూడిక ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు ఆఖరు మధ్యే తీయాలి. ఒంగోలు వైపు రెండు రుతుపవనాల వానా ఉంటుంది కాబట్టి అక్కడ రెండు విడతలూ పూర్తిగానే చేయాలి.

లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. పదెకరాల లేఅవుట్ అంటే సుమారు 40,500 చదరపు మీటర్లు. ఒక రోజులో 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాని మీద పడే నీరు 40 లక్షల లీటర్లకు పైనే. రోజంతా సన్నగా పడితే ఇబ్బంది లేదు. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున దంచినప్పుడు, అందులో 60 శాతం నేలలో ఇంకకుండా పారిందనుకున్నా, సెకనుకు దాదాపు 340 లీటర్ల నీరు బయటికి పోవాలి. 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్న సిమెంటు కాలువ, 300 అడుగులకు అడుగు వాలు ఉంటే, నిండుగా పారినప్పుడు సెకనుకు సుమారు 190 లీటర్లు మోస్తుంది. అలాంటివి రెండు శుభ్రంగా ఉంటే 380 లీటర్లు, గట్టెక్కుతాం. అవే సగం లోతు పూడితే ఒక్కోటి మోసేది 95 కాదు, 80 లీటర్లే. లోతు తగ్గితే నీటి వేగం కూడా తగ్గుతుంది గనుక. రెండూ కలిపి 160. మిగిలిన 180 లీటర్లు ప్రతి సెకనూ రోడ్డు మీదికి వస్తాయి.

పూడికకన్నా పెద్ద అడ్డంకి ఇంటి ముందు ర్యాంపు. కారు ఎక్కడానికి కాలువ మీద సిమెంటు పోసి, నీళ్లు పోవడానికని కింద 4 అంగుళాల పైపు పెడతారు. ఆ పైపు రంధ్రం, కాలువ నోటిలో 25వ వంతు. వీధిలో ఒక్క ఇల్లు ఇలా చేస్తే ఎగువనున్న ఇళ్లన్నీ మునుగుతాయి. పోసినవాడి ఇంటి ముందు మాత్రం నీళ్లుండవు, కాబట్టి అతనికి ఆ తప్పు తెలియదు. కాలువ మీద తీసిపెట్టే పలకలు తప్ప పోత ర్యాంపులు వద్దని అసోసియేషన్ నియమావళిలో రాసుకోవాలి. పలకకు రెండు ఇనుప కొక్కేలు పెడితే ఇద్దరు మనుషులు ఎత్తగలరు.

పూడిక తీసేటప్పుడు కిందిచివర నుంచి, అంటే నీళ్లు బయటికి పోయే తూము దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ఎగువ నుంచి తీసుకొస్తే కదిలిన బురద దిగువన గట్టిపడుతుంది. తీసిన మట్టిని గట్టు మీద రెండు రోజులు ఆరనిచ్చి ట్రాక్టరుకు ఎత్తాలి. వారం వదిలేస్తే మొదటి వానకే తిరిగి కాలువలో పడుతుంది. కూలీకి ఇచ్చిన డబ్బంతా ఇక్కడే వృథా అవుతుంటుంది. అయ్యాక మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో అడుగు మట్టం చూడాలి. 30 మీటర్లకు 10 సెంటీమీటర్ల దిగుడు ఉండాలి. మధ్యలో ఎక్కడైనా ఎత్తు వచ్చిందంటే అక్కడ అడుగు పొంగింది, లేదా పాత పోత తప్పు. అది చెక్కి సరిచేయకపోతే ఎన్నిసార్లు పూడిక తీసినా నీళ్లు నిలిచే చోటు అదే. ప్రతి 30 మీటర్లకు ఒక ఇసుక గుంత, అంటే కాలువ అడుగుకన్నా 30 సెంటీమీటర్లు లోతైన చిన్న తొట్టి ఉంటే, వానాకాలమంతా ఆ తొట్టెలు మాత్రం ఎత్తిపోసుకుంటే సరిపోతుంది.

ఇక చివరి తూము. నెల్లూరు వైపు లేఅవుట్ నీళ్లు చాలా వరకు పాత సాగునీటి కాలువల్లోకో చెరువుల్లోకో వెళ్తాయి. పెన్నా డెల్టాలో పెద్ద పంట నాట్లు పడేది కూడా ఈ రోజుల్లోనే, కాలువలు నిండుగా పారేదీ ఇప్పుడే. అందుకే వాన ఉధృతంగా ఉన్న రోజున బయటి కాలువ మట్టం లేఅవుట్ కాలువకన్నా పైన ఉండి, నీరు వెనక్కి తన్నుతుంది. లోపల ఎంత శుభ్రంగా ఉన్నా ఫలితం ఉండదు. తూము నోటికి బయటివైపు మాత్రమే తెరుచుకునే ఇనుప తలుపు పెడితే వెనకతన్ను ఆగుతుంది. తలుపు కీలు తుప్పు పట్టకుండా ఏటా గ్రీజు పెట్టాలి. బయటి మట్టం దిగేదాకా లోపలి నీటిని మోటారుతో ఎత్తిపోయడం ఒక్కటే దారి. 5 హెచ్‌పీ మోటారు తక్కువ ఎత్తుకు సెకనుకు 20, 30 లీటర్లు తోడుతుంది. పైన చెప్పిన 340 లీటర్లకు అది ఏ మూలకు? వాన తెరిపిచ్చాక నిలిచిన నీరు తీయడానికే మోటారు.

నది వరద వేరే సంగతి. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర పడుగుపాడు వద్ద జాతీయ రహదారి, రైలు పట్టాలే కోసుకుపోయాయి. అలాంటప్పుడు కాలనీ కాలువలు చేయగలిగింది లేదు. కానీ చాలా లేఅవుట్లలో ఏటా వచ్చే ముంపు నదిది కాదు, తూముది.

మరో కారణం రోడ్డే. పాత రోడ్డు గీకకుండా దానిమీదే కొత్త సిమెంటు పోస్తే ప్రతిసారీ మట్టం 10, 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. పాత ఇళ్లు పల్లంలో పడిపోతాయి. కొత్తగా కట్టేవారు పునాది ఇంకా లేపుతారు. నీటి దారి ఎవరూ మార్చకుండానే మారిపోతుంది.

ఇసుక నేల, రేగడి నేల

సముద్రానికి దగ్గరి మండలాల్లో ఇసుక నేల, ఒంగోలు చుట్టూ చాలాచోట్ల నల్లరేగడి, ప్రకాశం పడమటి వైపు ఎర్రనేలలు. ఒకచోట పనిచేసిన పద్ధతి మరోచోట పనిచేయదు.

రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోళ్లు తెరుస్తుంది. దాని మీద నేరుగా పేవర్ బ్లాకులు పరిస్తే రెండో వేసవికే ఎగుడుదిగుడవుతాయి. 30 నుంచి 45 సెంటీమీటర్ల మేర రేగడి తీసి, గ్రావెల్ నింపి, 15 సెంటీమీటర్ల వరసలుగా తడిపి రోలరు తొక్కించాలి. ఆపైన కంకర పొర, దానిమీద 3 సెంటీమీటర్ల ఇసుక, ఆపై బ్లాకు. మనుషులు నడిచే దారికి 60 మిల్లీమీటర్ల మందం చాలు, వాహనాలు తిరిగితే 80 కావాలి. బ్లాకులు కుంగాయంటే లోపం సాధారణంగా బ్లాకులో ఉండదు. అంచున ఉండాల్సిన కాంక్రీటు కట్ట విరిగి, కింది ఇసుక వాననీటితో జారిపోవడమే కారణం. కుంగిన చోట పైన సిమెంటు పూయడం ఎక్కడ చూసినా కనిపించే మరమ్మతు, అది ఏడాది కూడా నిలవదు. బ్లాకులు ఎత్తి, అంచు కట్టి, ఇసుక పోసి మళ్లీ అవే బ్లాకులు పేర్చాలి.

ఇంకుడుగుంతలదీ ఇదే కథ. ఇసుక నేలలో 2 మీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీసి కింద పెద్ద రాళ్లు, మధ్యన కంకర, పైన ఇసుక వేస్తే చక్కగా ఇంకుతుంది. రేగడిలో అదే గుంత దోమల తొట్టి. పాత వరి మడుల మీద వేసిన లేఅవుట్లలో నవంబరు నాటికి నీటిమట్టం నేలకు చాలా దగ్గరికి వస్తుంది. అప్పుడు ఎంత మంచి గుంతైనా తీసుకోదు. వాన ఆగిన 48 గంటలకు కూడా గుంత ఖాళీ కాకపోతే పై ఇసుకలో 10 సెంటీమీటర్లు గీకి కొత్త ఇసుక వేయాలి. అప్పటికీ ఇంకకపోతే ఆ గుంత అక్కడ ఉండాల్సింది కాదు, పూడ్చేయడం మేలు. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు రావడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లు పారబోసే నియమానికి లెక్క అదే.

చెట్లూ పచ్చికా

చదరపు మీటరు పచ్చికకు వేసవిలో రోజుకు దాదాపు 5 లీటర్లు కావాలి. 500 చదరపు మీటర్లకు 2,500 లీటర్లు, అంటే రెండు రోజులకు ఒక ట్యాంకరు. తీరప్రాంతపు బోర్లలో ఉప్పు తేలికగా కలుస్తుంది. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 2,000 మిల్లీగ్రాములు దాటితే చాలా రకాల అలంకరణ మొక్కల ఆకు అంచులు మాడతాయి. దాన్ని తెగులనుకుని మందు కొట్టిస్తారు. ముందు టీడీఎస్ మీటరు పెట్టి చూడటం చవక. ఉప్పునీటికి తట్టుకునేది గరిక జాతి. బ్రోచర్లలో చూపించే మెత్తటి తివాచీ పచ్చికకు ఈ ప్రాంతంలో పెట్టే నీళ్లతో పాతిక నీడచెట్లు పెంచవచ్చు, నిర్ణయం అసోసియేషన్‌దే.

చెట్లలో కానుగ, పొగడ, నేరేడు, వేప గాలికి బాగా నిలుస్తాయి. తురాయి త్వరగా పెరిగి అందంగా పూస్తుంది గానీ, కొమ్మలు పెళుసు, వేళ్లు పైపైనే పాకుతాయి, తుపానుకు మొదట కూలేది అదే. కోనోకార్పస్ పచ్చగా గోడలా పెరుగుతుందని డివైడర్లలో, లేఅవుట్లలో విపరీతంగా నాటారు. దాని వేళ్లు నీటి పైపుల కీళ్లలోకి, మురుగు గొట్టాల్లోకి దూరతాయి. గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది. గుంత 60 సెంటీమీటర్ల ఘనం, ప్రహరీకి, పైపులకు కనీసం 3 మీటర్ల దూరం. నాటడానికి ఇక్కడ ఆగస్టు, సెప్టెంబరులే మంచివి. జూన్‌లో నాటితే మధ్యలో ఎండకు నీళ్లు మోయాల్సి వస్తుంది.

తుపాను ముందు కొమ్మలు కొట్టించడమంటే తల నరికించడం కాదు. తల నరికిన చెట్టు ఒకేచోట గుత్తిగా చిగురిస్తుంది, ఆ కొమ్మలు బలహీనంగా అంటుకుని మరుసటి ఏడు విరుగుతాయి. గాలి దూరేలా లోపలి కొమ్మల్లో నాలుగో వంతు పలుచన చేయడం, ఎండు కొమ్మలు, తీగలకు తగిలేవి తీయడం చాలు. చెట్టును పూర్తిగా కొట్టాలంటే వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఈమధ్య సంవత్సరాల్లో వేపచెట్ల కొనలు ఒక్కసారిగా ఎండిపోవడం తెలుగు రాష్ట్రాల్లో కనిపిస్తోంది. అది శిలీంధ్రం వల్ల వచ్చే ఎండుతెగులు. చచ్చిపోయిందనుకుని నరికేయక్కర్లేదు, చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయి.

దీపాలు

కొద్ది మాటల్లో: స్తంభం మొదట్లో సిమెంటు దిమ్మ నీరు జారేలా వాలుగా ఉండాలి, లేకపోతే ఉప్పుగాలికి తుప్పు సరిగ్గా నేల మట్టంలోనే తినేస్తుంది. జంక్షన్ పెట్టె మోకాలికన్నా పైన ఉండాలి. ప్రతి లైనుకూ, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు పెట్టాలి. వానొస్తే అది పడిపోతోందని ఎలక్ట్రీషియను తీసి నేరుగా కలపడమే నీళ్లలో షాకులకు దారితీస్తుంది. పడిపోతోందంటే అది తన పని చేస్తోందని. సెప్టెంబరులో స్తంభానికొకటి చొప్పున విడదీసి పరీక్షిస్తే లీకు ఎక్కడో తెలుస్తుంది. మీటరుకు, లైనుకు సంబంధించి విద్యుత్ పంపిణీ సంస్థల అధికారులను, అంటే నెల్లూరులో ఎస్పీడీసీఎల్, ప్రకాశంలో సీపీడీసీఎల్ వారిని కలవాలి.

ఖాళీ ప్లాట్ల లెక్క

లేఅవుట్ల నిర్వహణ కుప్పకూలేది సాధారణంగా ఇక్కడే. 120 ప్లాట్లలో 35 ఇళ్లు కట్టారనుకుందాం. మిగతా 85 మంది హైదరాబాదులోనో, బెంగళూరులోనో, విదేశాల్లోనో. నెల ఖర్చు 60,000 రూపాయలైతే, అది 35 ఇళ్ల మీదే పడితే ఇంటికి 1,714. అందరూ సమానంగా పంచుకుంటే 500. ఖాళీ ప్లాటుకు సగం వాటా పెడితే ఇంటికి సుమారు 774, ఖాళీ ప్లాటుకు 387. మూడో పద్ధతి న్యాయంగా కనిపించినా వసూలు కష్టం. లేఅవుట్‌లో నీళ్లు, కరెంటు అసోసియేషన్ చేతిలో ఉండవు గనుక ఆపే వీలు లేదు.

నిజానికి ఖాళీ ప్లాటే ఖర్చు ఎక్కువ తెస్తుంది. చిల్లచెట్లు (సర్కారు తుమ్మ), వయ్యారిభామ పెరిగి, పాములు చేరి, చెత్త పడి పక్కింటివాళ్లను వేధిస్తుంది. చిల్లచెట్టును నేల మట్టానికి కొడితే నెల తిరక్కుండా గుబురుగా లేస్తుంది, జేసీబీతో మొదలంటా పెకలించాలి. వయ్యారిభామను పూతకు ముందే, చేతులకు తొడుగు వేసుకుని పీకాలి. పూశాక కొడితే గింజలు చల్లినట్టే. అందుకని కొన్నిచోట్ల నెలవారీ చందా అడగడం మానేసి, ఏడాదికోసారి ప్లాటు శుభ్రం చేయించే చార్జీగా, సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు వసూలు చేస్తున్నారు. తన ప్లాటు ఫొటో వాట్సాప్‌లో చూసిన యజమాని డబ్బు పంపడానికి వెనకాడడు. స్థానిక సంస్థ ఇచ్చే నోటీసు, పట్టణాల్లో ఖాళీ స్థల పన్ను బకాయి కూడా ఒత్తిడికి పనికొస్తాయి.

వాటా నిర్ణయించే కొలత మొదటే రాసుకోవాలి. నెల్లూరులో అంకణాల చొప్పున, ఒంగోలులో గజాల చొప్పున వేస్తే పెద్ద ప్లాటువారు అభ్యంతరం చెబుతారు, ప్లాటుకింత అంటే చిన్నవారు. కాలువ, దీపాలు ప్లాటు సైజుతో పెరగవు కాబట్టి ప్లాటుకింత అన్నదే ఎక్కువచోట్ల నిలుస్తుంది. అపార్టుమెంటులో లిఫ్టు, నీళ్లు అందరూ వాడతారు కనుక అక్కడ కూడా సమాన వాటా వాదనకు బలం ఉంది. రంగులు, మరమ్మతుల వంటి పెద్ద ఖర్చులకే చదరపు అడుగుల లెక్క నప్పుతుంది. పెద్ద ఖర్చుకు విడిగా నిధి ఉండాలి. అయిదేళ్లకోసారి 3 లక్షల పని వస్తుందంటే 120 ప్లాట్లకు నెలకు 42 రూపాయల చొప్పున. ఇంత చిన్న మొత్తం ముందుగా కూడబెట్టక, అవసరం వచ్చినప్పుడు ఒక్కసారిగా 2,500 అడిగితేనే తగాదాలు.

అప్పగింత రోజున తీసుకోవాల్సినవి

లేఅవుట్ అభివృద్ధి పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు అథారిటీకి తనఖాలో ఉంటాయి. నెల్లూరులో అది నుడా, అంటే నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ. బిల్డరు మీద ఉన్న నిజమైన పట్టు ఆ తనఖాయే. అది విడిపించుకున్నాక ఫిర్యాదుకు బరువు తగ్గుతుంది. కాబట్టి కాలువ వాలు, తూము, దీపాల ఎర్తింగు, పార్కు హద్దులు తనఖా విడుదలకు ముందే చూసి, లోపాలు రాతపూర్వకంగా అథారిటీకి పంపాలి. వీలైతే ఒక నవంబరు వాన చూశాకే. ఎండలో చూస్తే అన్ని కాలువలూ బాగానే ఉంటాయి.

కాగితాల్లో ఫైనల్ లేఅవుట్ ప్లాను, గిఫ్ట్ డీడ్ నకలు, భూమిలోని పైపులు, కేబుళ్లు నిజంగా ఎక్కడ వేశారో చూపే నక్షా, బోరు లోతు, మోటారు దింపిన లోతు, మోటారు బిల్లు, దీపాల లోడు మంజూరు పత్రం ఉండాలి. పైపుల నక్షా లేని చోట ఇంటర్నెట్ కేబులు కోసం తవ్వినప్పుడల్లా నీటి పైపు పగులుతుంది. బిల్డరు నక్షా ఇవ్వకపోతే, ఎప్పుడు ఎక్కడ తవ్వినా గుంత పూడ్చేముందు టేపు ఆనించి ఒక ఫొటో తీసి, ప్రహరీ నుంచి దూరం, లోతు రాసిపెట్టుకోవాలి. రెండు మూడేళ్లలో ఆ ఫొటోలే నక్షా అవుతాయి.